లేని పట్టు

తెలియదు అన్న మాట భీమశంకరం నోట అంత తేలిగ్గా వచ్చేది కాదు. అలాగని కావాలని అబద్ధాలాడే మనిషీ కాడు. ఎవరైనా ఒక సంగతి అడిగి తన ముఖం వంక చూస్తుంటే, జవాబు చెప్పకుండా పంపడం, గుమ్మంలోకి వచ్చినవాళ్ళని మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపినట్టు తోచేది అతనికి. గుర్గావ్‌లో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఈ గుణం బాగానే చెల్లింది. "ఎప్పటికవుతుంది?" అని మేనేజరు అడిగితే "శుక్రవారానికి" అనేవాడు. శుక్రవారం సంగతి శుక్రవారం చూసుకునేవాడు.

తెనాలి మనిషి. ముప్పై అయిదు దాటాయి. కూర్చుని కూర్చుని పొట్ట వచ్చింది. షుగరు వచ్చేలా ఉంది, ఒళ్ళు వంచమని డాక్టరు హెచ్చరించాక, ఆఫీసులో నేగీ అనే గఢ్వాలీ కుర్రాడు అతన్ని ఒక ఆదివారం పొద్దున్నే మునిర్కా వెనకాల యూనివర్సిటీ అడవిలోకి తీసుకెళ్ళాడు. నేగీ కొండలెక్కడంలో శిక్షణ పొందినవాడు. ఢిల్లీలో కొండల్లేవు గనక బండలతో సరిపెట్టుకునేవాడు.

ముళ్ళతుమ్మల మధ్య, రెండు నిలువుల ఎత్తుండే బండలవి. తాళ్ళూ కొక్కేలూ ఏమీ ఉండవు. కాళ్ళకి రబ్బరు అడుగున్న బిగుతు బూట్లు, వేళ్ళు జారకుండా సుద్దపొడి, కింద మునిర్కాలో పరుపులు కుట్టేవాడి చేత కుట్టించిన మందపాటి గద్దా, అంతే. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద చేతులు చాచి కాపు కాయాలి. పడే మనిషిని ఎత్తుకోవడం ఎవరి తరమూ కాదు. వీపు మీద చెయ్యి వేసి, తల రాయికి తగలకుండా గద్దా మీదికి మళ్ళించడమే కాపు కాసేవాడి పని.

మొదటి రోజు భీమశంకరం మోకాలెత్తు కూడా ఎక్కలేకపోయాడు. అయినా రెండో ఆదివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. నెల తిరిగేసరికి అన్నిటికన్నా చిన్న బండ నెత్తి మీద కూర్చుని, మోచేతులు గీసుకుపోయి రక్తం కారుతుంటే, బళ్ళో పందెంలో నెగ్గిన పిల్లాడిలా నవ్వాడు. అప్పటినుంచీ ఆదివారం వచ్చిందంటే మోటారుసైకిలు ఆగేది కాదు.

అక్కడే పరిచయమైంది భానుశ్రీ. హన్మకొండ పిల్ల. ఉస్మానియాలో జియాలజీ ఎమ్మెస్సీ చేసి, బేర్ సరాయ్‌లో ఒక గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. రాళ్ళని చూడటానికని వచ్చి, వాటిని ఎక్కడం మొదలుపెట్టింది. సన్నగా, తేలిగ్గా, బల్లిలా పాకేది. మిగతావాళ్ళందరికీ అతను శంకర్ జీ. భానుశ్రీకి మాత్రం మొదటి రోజునుంచీ అన్న. "ఏమన్నా, వదిన ఇయ్యాల టిఫినేం పెట్టింది నీకు?" అని ఆమె నోరారా 'నువ్వు' అంటుంటే, అక్కచెల్లెళ్ళు లేని భీమశంకరానికి ఆ మాట ఎక్కడో చల్లగా తగిలేది.

ఒక ఆదివారం కొత్తగా వచ్చిన ఇద్దరు, ఈ రాళ్ళు ఇంత నల్లగా ఎందుకున్నాయని అడిగారు. అడిగింది నేగీని. జవాబు చెప్పింది భీమశంకరం.

"అగ్నిపర్వతం రాయి ఇది. లావా చల్లారి ఇలా గట్టిపడిపోయింది" అన్నాడు హిందీలో, బండని అరచేత్తో చరుస్తూ.

భానుశ్రీ ఫక్కున నవ్వి, తనూ హిందీలోనే అంది. "లావా కాదన్నా! ఒకప్పుడు ఇదంతా ఇసుక. భూమి లోపల వేడికీ బరువుకీ రాయైంది. ఈ నలుపు పైపైనే. ఎండా వానా పెట్టింది" అని, రాలిన ఒక పెచ్చు తీసి లోపలి గులాబీ రంగు చూపించింది. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు. అయినా నేగీ నవ్వాడు, ఆ ఇద్దరూ నవ్వారు. అందరికంటే గట్టిగా భీమశంకరమే నవ్వాడు. తిరుగుదారిలో మాత్రం హెల్మెట్ లోపల చెవులు కాలిపోతూనే ఉన్నాయి. ఏదో ఒకటి చేసి ఆ పిల్ల ముందు పోయిన పరువు తెచ్చుకోవాలనిపించింది. పోయిందని ఎవరూ అనలేదు, అతనే అనుకున్నాడు.

ఆ బండలన్నిటిలో ఒకటుంది, గంజా అని. హిందీలో బట్టతల అని అర్థం. "ఇవాళ గంజా దగ్గరే పొద్దంతా గడిచిపోయింది" అని ఒకసారి ఇంట్లో అంటే, అతని భార్య ఛాయాదేవి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ బండ ముందుకి వంగిన తలలా ఉంటుంది. నుదురు దాకా పట్టులు దొరుకుతాయి. ఆ పైన అంచు నున్నగా, బోడిగా పైకి వాలిపోతుంది. నేగీ అంతటివాడు కూడా నుదురు దగ్గర వేలాడి, పైకి చెయ్యి చాపే ధైర్యం లేక దిగిపోయేవాడు.

కృష్ణాష్టమికి ఆఫీసుకి సెలవు. వారం మధ్యలో వచ్చింది గనక బండల దగ్గర ఎవరూ ఉండరని భీమశంకరం ఒక్కడే వెళ్ళాడు. గద్దా లేదు, ఇంటినుంచి తెచ్చిన పాత బొంత పరిచాడు. నాలుగైదుసార్లు ప్రయత్నించాడు. అన్నిటికన్నా పైకి వెళ్ళినసారి కూడా నుదురు కిందే వేళ్ళు జారి, బొంత మీద కూలబడ్డాడు. ఆయాసం తీరాక, పైన అసలేముందో చూద్దామని బండ వెనక్కి చుట్టి వెళ్ళాడు. గంజాకి వెనకవైపు వాలు ఉంది. మేకపిల్ల కూడా నడిచి ఎక్కగలదు. పైనుంచి చూసి పట్టు తెలుసుకుంటే అది ఎక్కినట్టు కాదని నేగీ వాళ్ళు అటు పోయేవాళ్ళు కాదు. అలా నడిచే ఎక్కి, బండ మీద నిలబడి, సుద్ద అంటిన చేతులు దులుపుకుంటున్నాడు. ఇంకా అంచు దాకా పోలేదు, వంగి చూడలేదు.

కింద చెట్లలోంచి భానుశ్రీ వచ్చింది. గదిలో కరెంటు పోతే పుస్తకం పట్టుకుని నీడకి వచ్చిందట. తలెత్తి చూసి పుస్తకం పారేసినంత పని చేసింది.

"అన్నా! ఎక్కినవా?"

భీమశంకరానికి ఊపిరి అందడం లేదు. ఆ ఊపిరి అందేలోపే ఆమె చప్పట్లు కొట్టేసింది.

"నిజంగా గంజా ఎక్కినవా అన్నా?"

"ఆఁ… ఏదో… అయిందమ్మా."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె గబగబా బండ కిందికి వచ్చి, నుదురు వంక చూపిస్తూ అడిగింది. "ఆఖరికి ఏం పట్టుకున్నవ్? ఆడ ఏం లేదు కదా!"

ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది, ఆమె మెచ్చుకోవడం కోసం అడగడం లేదు. తను ఎక్కడం కోసం అడుగుతోంది. భీమశంకరం ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత మాట దానంతటదే వచ్చేసింది.

"అంచు దాటాక కుడిచెయ్యి చాపితే ఒక గుంట తగులుతుంది. కుంకుమభరిణె అంత ఉంటుంది. కింది నుంచి కనపడదు. నాలుగు వేళ్ళూ దిగుతాయి."

చెబుతుంటే ఆ గుంట అతనికే కనిపించింది. దాని అంచులో కాస్త గరుకు కూడా ఉన్నట్టు తోచింది.

ఆదివారానికల్లా సంగతి అందరికీ తెలిసిపోయింది. నేగీ గుండెలకి హత్తుకున్నాడు. ఎక్కిన దారికి ఎక్కినవాడి పేరు పెట్టడం వాళ్ళలో ఆనవాయితీట, దానికి శంకర్ లైన్ అని పేరు పెట్టాడు. ఇంకోసారి ఎక్కి చూపించమంటే వేలు బెణికిందన్నాడు భీమశంకరం. ఎవరూ అనుమానించలేదు. ఆ వయసులో, ఆ ఒంటితో ఎక్కడమే ఎక్కువనుకున్నారు. ఛాయాదేవి విజయవాడలో తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. "మీ బావగారు మామూలోరు కాదురా" అంటుంటే, పక్క గదిలో భీమశంకరం టీవీ శబ్దం పెంచాడు.

లోలోపల గుబులుగానే ఉండేది. అయితే ఒక అబద్ధం పదిమంది నోళ్ళలో నానాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో అతనికి తెలియలేదు. కొన్నాళ్ళకి అందరూ మరిచిపోతారులే అనుకున్నాడు.

భానుశ్రీ మరిచిపోలేదు. ప్రిలిమ్స్ గట్టెక్కింది, మెయిన్స్ దీపావళి రోజుల్లో పడింది. చదువు ముదిరే ముందు ఒక్కసారి గంజా సంగతి తేల్చేసి, మళ్ళీ పరీక్షలయ్యేదాకా ఇటు రానని చెప్పి వచ్చింది ఒక ఆదివారం.

"అన్నా, కింద నువ్వే నిలబడు. దారి నీకే తెలుసు" అంది.

భీమశంకరం నిలబడ్డాడు. చేతులు చాచాడు. ఆమె ఎక్కుతుంటే ఆమె మడమలు, నడుము, భుజాలు ఒక్కొక్కటే అతని కళ్ళ ముందునుంచి పైకి పోయాయి. నుదురు దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో వేలాడుతూ, కుడిచెయ్యి అంచు మీదికి పంపింది. తడిమింది. అక్కడనుంచి ఆమెకి పైన ఏముందో కనిపించదు.

"అన్నా, కుడికేనా?"

ఇప్పుడు చెప్పొచ్చు. దిగిపో అనొచ్చు. చుట్టూ నేగీ, ఇంకో అయిదారుగురు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ గొంతులో ఉన్న ధీమా అతన్ని అడిగిందానికి జవాబు చెప్పమంది.

"ఇంకొంచెం కుడికి" అన్నాడు.

ఆమె నమ్మింది. కాళ్ళు రెండూ రాయిని వదిలేసి, ఒళ్ళంతా కుడివైపుకి విసిరింది. చెయ్యి బోడిరాతి మీద పడి సర్రున జారింది. వెల్లకిలా పడుతున్న ఆమె వీపుకి భీమశంకరం చేతులు తగిలాయి గాని, ఆ విసురుకి ఆమె గద్దా అవతలికి పోయింది. కుడి అరచెయ్యి నేలకి ఆనించింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు అందరికీ వినిపించింది.

పెద్దాసుపత్రిలో మణికట్టు దగ్గర రెండుచోట్ల విరిగిందన్నారు. మోచేతి దాకా కట్టు వేశారు. అది రాసే చెయ్యి.

సాయంత్రం ఛాయాదేవి క్యారేజీలో అన్నం, పప్పుచారు పట్టుకుని బేర్ సరాయ్ గదికి వచ్చింది. దగ్గరుండి కలిపి తినిపించింది. ఆమెది మంచి మనసే. ఆ చనువుతోనే చీవాట్లూ పెట్టింది.

"మా ఆయన ఆ పొట్టేసుకుని ఎక్కారు గదమ్మా! నీకేం తొందరొచ్చింది? పరీక్షలు పెట్టుకుని సరిగ్గా చూసి పట్టుకోవద్దూ?"

"నాదే తప్పు వదినా. అన్న సరిగ్గనే చెప్పిండు, నాకే అందలేదు" అంది భానుశ్రీ. అని, గుమ్మం దగ్గర నిలబడిన భీమశంకరం వంక చూసి నవ్వబోయింది, అతను బాధపడుతున్నాడని ఓదార్చడానికి. అతను తల తిప్పుకుని, ఆటో మాట్లాడతానని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆఫీసుకని బయల్దేరి ఆఫీసుకి పోలేదు. గంజా వెనకవైపునుంచి పైకి ఎక్కి, బోర్లా పడుకుని, అంచు మీదికి తల వంచాడు. కుడివైపంతా అరచేత్తో తడిమాడు. వేళ్ళతో గీరాడు. ఆకులు ఊడ్చాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ గుంట ఉండాలని వెతికాడు. వేలి కొన దూరేంత ఉన్నా చాలు, తను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. వానకి కడుక్కుని, ఎండకి ఆరి, బండ నున్నగా మెరుస్తోంది. చీమలు బారుగా పోతున్నాయి. వాటికి తప్ప ఇంకెవరికీ అక్కడ పట్టు లేదు. ఇంత పని ఆ అష్టమినాడే చేసి ఉండొచ్చు. నడిచి ఎక్కాడు, రెండడుగులు ముందుకేసి వంగితే సరిపోయేది. ఆ తర్వాత కూడా ఎన్ని ఆదివారాలు వచ్చాయి! ఒక్కనాడూ పైకి రాలేదంటే, చూడటం ఇష్టం లేకే. రాతి మీద చెంప ఆనించి అలాగే పడుకుండిపోయాడు చాలాసేపు.

ఇంటికి వచ్చేసరికి ఛాయాదేవి బెండకాయలు తరుగుతోంది. ఈ వేళప్పుడు వచ్చారేమిటని అడిగింది. అతను ఎదురుగా పీట మీద కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఆమె కత్తిపీట వంచి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మొగుడి వంక చూడలేదు. గోడ వంక చూసింది.

"అయితే నేను నిన్న ఆ పిల్లని ఏమన్నానో మీకు వినిపించింది. విన్నారు. వింటూ ఊరుకున్నారు."

అతను కింద పడ్డ బెండకాయ ముక్క ఏరి పళ్ళెంలో వేశాడు.

"లేవండి" అంది. "పదండి."

బేర్ సరాయ్ గదిలో భానుశ్రీ బల్ల ముందు కూర్చుని ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతోంది. ఒకటో క్లాసు పిల్లల రాతలా గీతలు వంకర్లు పోతున్నాయి. ఛాయాదేవి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కూర్చోకుండానే అంది.

"అమ్మాయ్, నిన్న నేను తెలియక నోరు జారాను. నువ్వు సరిగ్గా పట్టుకోక కాదు, అక్కడ పట్టే లేదంట. మిగతాది ఈయన చెప్తారు."

భీమశంకరం చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు. అంతా అయ్యాక భానుశ్రీ పెన్ను బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడితే ఎవరూ తీయలేదు.

"అంటే మీరు ఎక్కనే లేదా?"

మీరు. ఆ మాట అతని చెవిన పడింది.

"లేదమ్మా."

"మరి గుంట?"

"లేదు."

"కుంకుమభరిణె అంత అన్నరు."

"అన్నాను."

"పైన వేలాడుకుంట అడిగిన మిమ్మల్ని. కుడికేనా అని. ఇంకొంచెం అన్నరు."

"అన్నాను."

ఆమె కట్టు వంక చూసుకుంది. గొంతు పెంచలేదు. నిజంగా అర్థం కాకే అడిగినట్టు అడిగింది. "ఎక్కిన అని చెప్పుకున్నరు, అది వేరే. గొప్పలు అందరు చెప్పుకుంటరు. గుంట ఎందుకు చెప్పిన్రు? గుర్తు లేదు అనొచ్చు గదా. తెల్వదు అనొచ్చు గదా."

ఛాయాదేవి మొగుడి ముఖం వంక అప్పుడు చూసింది, ఆమె కూడా అదే అడుగుతున్నట్టు.

"సరే. నాకు చెప్పిన్రు" అంది భానుశ్రీ ఆఖరికి. "నేగీ వాళ్ళకు కూడ చెప్పున్రి. ఇంకొకరు ఎవరన్న పడకముందే."

"ఈ ఆదివారమే చెప్తాను."

"ఠీక్ హై" అని ఆమె వంగి ఎడమచేత్తో పెన్ను తీసుకుంది.

ఆ ఆదివారం వాన. పై ఆదివారం ఆఫీసు పని ఉందనుకున్నాడు, నిజంగానే కొంచెం ఉంది. ఆ పై ఆదివారం పొద్దున బూట్ల సంచీ భుజాన వేసుకుని లిఫ్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. ఆఫీసులో నేగీ దూరంగా కనిపిస్తే వేరే దారిన పోయేవాడు. క్యాంటీన్‌కి భోజనానికి వెళ్ళడం మానేసి సీటు దగ్గరే తినేవాడు. ఒకరికి చెప్పాం కదా, ముఖ్యమైనవాళ్ళకి చెప్పాం కదా అని తనకి తాను సర్దిచెప్పుకునేవాడు. ఛాయాదేవి "చెప్పారా?" అని ఒకసారి అడిగింది. "చెప్తాను" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే అతనికి ఎక్కువ బరువైంది.

దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకి నేగీయే అతని సీటు దగ్గరికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"క్యా శంకర్ జీ, మమ్మల్ని మరిచిపోయారా? భాను సంగతి విన్నారా? కట్టు విప్పించుకుని పరీక్షకి వెళ్ళింది. మొదటి రోజు ఎస్సే ఎలాగో రాసింది. జనరల్ స్టడీస్ పేపరు దగ్గర చెయ్యి వాచిపోయి వేళ్ళు ముడుచుకోలేదట. సగంలో లేచి వచ్చేసింది. ఈ ఏడాదికి పోయినట్టే."

భీమశంకరం కంప్యూటరు తెర మీద ఫైలు మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఇంకోటి. మీ గుంట మాకెవరికీ దొరకడం లేదు భాయ్. మొన్న లక్ష్మీపతి దానికోసం దూకి గడ్డం చీల్చుకున్నాడు, కుట్లు పడ్డాయి. ఒక్కసారి వచ్చి చూపించండి."

లక్ష్మీపతి ఆ మధ్యే వైజాగునుంచి వచ్చి ఆ గుంపులో చేరిన ఉద్యోగి. భీమశంకరం అతన్ని చూసింది కూడా లేదు. తను చూడని మనిషి తన మాట నమ్మి దూకాడు. భానుశ్రీ వాళ్ళకెవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. చెప్పాల్సిన అవసరం ఆమెకి కనిపించి ఉండదు. చెప్తానన్నాడు గనక చెప్పే ఉంటాడనుకుని చదువులో పడిపోయింది. ఒకసారి మోసపోయాక కూడా రెండోసారి అతని మాట నమ్మింది.

"నేగీ, కూర్చో" అన్నాడు. నేగీ కూర్చునే ఉన్నాడు. అంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. భీమశంకరానికి హాయిగా అనిపించింది. అలా హాయిగా అనిపించినందుకు, బాత్రూములోకి పోయి అద్దంలో చూసుకోలేక కుళాయి విప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

ఆ ఆదివారం వెళ్ళాడు. చలి మొదలైంది. గంజా ముందు గద్దా పరిచి ఉంది. ఏడెనిమిది మంది ఉన్నారు. గడ్డానికి ప్లాస్టరు అంటించుకున్న మనిషి అతన్ని చూసి లేచి నిలబడి, "నమస్కారమండీ, మీ గురించి చాలా విన్నాను" అన్నాడు తెలుగులో, సంతోషంగా.

భీమశంకరం బూట్ల సంచీ కింద పెట్టలేదు. అందరికీ తెలియాలని హిందీలోనే చెప్పాడు. నేను ఈ బండ ఎక్కలేదు. వెనకనుంచి నడిచి వెళ్ళాను. పైన గుంట లేదు. భానుకి నేను చెప్పింది అబద్ధం. ఆమెకి ఈ సంగతి చెప్పాను, మీకు కూడా చెప్తానని మాటిచ్చి ఇన్నాళ్ళూ మొహం చాటేశాను. హిందీలో అతనికి చిన్న చిన్న మాటలే వచ్చు. కప్పిపుచ్చుకోవడానికి చాలినన్ని రావు.

ఎవరో వెనకాల నవ్వు ఆపుకోలేక దగ్గారు. లక్ష్మీపతి చెయ్యి తనకి తెలియకుండానే గడ్డం మీదికి పోయింది. నేగీ తలెత్తి గంజా నుదురు వంక చూశాడు.

"భాను పడ్డప్పుడు కింద ఉన్నది మీరే కదా" అన్నాడు.

"నేనే."

నేగీ గద్దా ఒక కొస పట్టుకుని, పక్క బండ దగ్గరికి ఈడ్చుకుపోయాడు. మిగతావాళ్ళూ కదిలారు. ఎవరో ఎక్కడం మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ భీమశంకరం ముందుకెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. ఎక్కుతున్న అమ్మాయి మొదటి పట్టు దగ్గరే ఆగి, తల తిప్పి చూసింది.

"నేగీ భయ్యా, మీరు రండి కిందకి" అంది మెల్లగా.

అతను చేతులు దించుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాడు. రావద్దని ఎవరూ అనలేదు. గద్దా మోసేవాడు, ఒక బండ దగ్గరనుంచి ఇంకో బండ దగ్గరికి. చిన్న బండలు ఒక్కడే ఎక్కి దిగేవాడు. శంకర్ లైన్ అన్న పేరు ఎవరి నోటా మళ్ళీ రాలేదు. ఛాయాదేవి తమ్ముడికి ఫోను చేసి, మీ బావ ఎక్కింది నిజం కాదురా అని నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. ఆ రోజు భీమశంకరం టీవీ పెట్టలేదు, వింటూ కూర్చున్నాడు.

చలి తగ్గుతుండగా భానుశ్రీ గది ఖాళీ చేసింది. హైదరాబాదులో ఉంటూ మళ్ళీ చదువుతానంది. నిజాముద్దీన్ స్టేషనుకి సాగనంపడానికి ఛాయాదేవి పులిహోర కట్టుకుని బయల్దేరింది. భీమశంకరం వెళ్ళాలా వద్దా అని నిలబడితే, "సామాను ఎవరు మోస్తారు?" అంది.

పుస్తకాల సంచీ రాయిలా ఉంది. భానుశ్రీది నడవ పక్కనుండే పై బెర్తు. కింద అంతా అప్పటికే ఎవరెవరి పెట్టెలతోనో నిండిపోయింది. ఆమె కుడిచెయ్యి ఇంకా బరువెత్తడం లేదు. భీమశంకరం సంచీని భుజం మీదికి, అక్కడనుంచి పై బెర్తు మీదికి ఎక్కించాడు. మూలకి నెట్టి, పట్టీని గొలుసుకి చుట్టి ముడేశాడు. ఆయాసపడుతూ కిందికి చూశాడు. సరిగ్గా ఆ సంచీ కిందే ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"పడదులే" అన్నాడు.

భానుశ్రీ తలూపింది. "థ్యాంక్స్ అన్నా. మీరు దిగున్రి, బండి కదులుతది" అంది. అని, చెప్పులు విడిచి నిచ్చెన మెట్టు మీదికి ఎక్కి, ఎడమచేత్తో సంచీని ఒకసారి తన వైపుకి లాగింది. కదల్లేదు. ఇంకోవైపునుంచి లాగింది. తర్వాత ముడి విప్పింది. తను ఇంకోలా, పళ్ళతో ఒక కొస పట్టుకుని, బిగించి కట్టింది.

భీమశంకరం నడవలో పక్కకి ఒదిగి, ఆమె కట్టడం అయ్యేదాకా నిలబడ్డాడు. బండి కూత వేసింది. కిటికీ అవతల ఛాయాదేవి చెయ్యి ఊపుతూ దిగిపొమ్మంటోంది. అప్పుడు దిగాడు.